ఏసీ ఆపితే ఎన్ని కిలోమీటర్లు మిగులుతాయి?

ఎండలు ముదిరాయో లేదో, ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నలన్నీ ఎలక్ట్రిక్ కార్ల ఏసీ చుట్టూనే తిరుగుతున్నాయి. నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన వాటిలో కొన్నింటికి ఈసారి జవాబులు. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఎవరివీ వేయడం లేదు. ఎందుకు వద్దన్నారో మొదటి ఉత్తరం చదివితే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: కారు కొన్నప్పటి నుంచి మా ఆయనకు చార్జింగ్ పిచ్చి పట్టుకుంది. నల్లగొండలో బయల్దేరి హైదరాబాద్ వెళ్తుంటే చిట్యాల రాగానే ఏసీ ఆపేస్తారు. వెనక పిల్లలు చెమటతో తడిసి ముద్దవుతున్నారు. అడిగితే "మధ్యలో ఆగిపోతే నువ్వు నెడతావా" అంటారు. బండి మాత్రం 100, 110 మీదే పోతుంది. నిజంగా ఏసీ అంత తింటుందా?
– ఒక గృహిణి, నల్లగొండ

జవాబు: సారు కూడా ఈ పేజీ చదువుతారనే ఆశతో కాస్త వివరంగా రాస్తున్నానమ్మా. మామూలు సైజు ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ 80 స్పీడులో నిలకడగా పోతే వంద కిలోమీటర్లకు సుమారు 12, 13 యూనిట్లు తాగుతుంది. యూనిట్ అంటే ఇంటి కరెంటు బిల్లులో ఉండే యూనిటే. అదే బండి 100లో పోతే 16 దాకా వెళ్తుంది, 110లో పోతే 18 దాటుతుంది. ఇదంతా గాలి పని. 80 నుంచి 100కి వెళ్తే స్పీడు పెరిగింది పావు వంతే, కానీ గాలిని చీల్చుకుని పోవడానికి పడే కష్టం సగానికి పైగా పెరుగుతుంది. పెట్రోలు బండిలోనూ ఇదే జరుగుతుంది, కాకపోతే అక్కడ ఇంజను వేడికే బోలెడు పెట్రోలు పోతుంది కాబట్టి ఈ తేడాను ఎవరూ పట్టించుకోరు.

ఇక ఏసీ సంగతి. ఎండలో కాగిన కారును చల్లబరచడానికి మొదటి పది నిమిషాలు కంప్రెసర్ గట్టిగానే లాగుతుంది, 2 నుంచి 3 కిలోవాట్ల దాకా (ఒక కిలోవాట్ చొప్పున గంటసేపు లాగితే ఒక యూనిట్). ఒకసారి లోపల చల్లబడ్డాక దాన్ని అలాగే ఉంచడానికి 1 లేదా ఒకటిన్నర కిలోవాట్ సరిపోతుంది. మీరు చిట్యాల వచ్చేసరికి ఆ మొదటి ఖర్చు ఎలాగూ అయిపోయింది, కారు చల్లబడింది. సరిగ్గా అప్పుడు ఆపేస్తున్నారు మీవారు! అక్కడి నుంచి ఎల్బీనగర్‌కు 65 కిలోమీటర్లు అనుకుంటే, ఆ దూరానికి ఏసీ ఆపడం వల్ల మిగిలేది 1 యూనిట్‌కు అటూ ఇటూ. ఆరు కిలోమీటర్ల దాకా. ఏసీ అలాగే ఉంచి స్పీడు 100 నుంచి 80కి దించితే మిగిలేది రెండున్నర యూనిట్లు, 110 నుంచి దించితే దాదాపు నాలుగు. 100లో పోయేవాళ్లకు ఆలస్యమయ్యేది పది నిమిషాలు, అంతే. పంతంగి టోల్ గేటు దగ్గర పండగ రోజుల్లో అంతకంటే ఎక్కువసేపే నిలబడతాం.

ఏసీ ఆపి అద్దాలు దించుతారేమో, ఆ స్పీడులో అది ఇంకా నష్టం. లోపలికి దూరే గాలి బండిని వెనక్కి పట్టి లాగుతుంది. ఊళ్లో 40, 50 స్పీడులో అయితే అద్దాలు దించుకోవడం మంచిదే, హైవే మీద మాత్రం మూసేయండి. ఆషాఢంలో మరీ జాగ్రత్త, నల్లగొండ నుంచి హైదరాబాద్ వైపు పోతుంటే పడమటి గాలి ఎదురుగా కొడుతుంది. వెళ్లేటప్పుడు ఒక లెక్క, వచ్చేటప్పుడు ఇంకో లెక్క కనిపిస్తే బ్యాటరీ పాడైందని భయపడకండి.

ఏసీని ఎంతలో పెట్టాలంటే, 24 లేదా 25, ఆటో మోడ్‌లో. చాలామంది కారెక్కగానే అంకె పోయి "లో" అని కనిపించేదాకా బటన్ నొక్కుతారు, పావుగంటకు చలేసి పూర్తిగా ఆపేస్తారు, మళ్లీ ఉక్కపోసి మళ్లీ "లో"కి పోతారు. అలా పెడితే త్వరగా చల్లబడుతుందనుకోవడం భ్రమ. ఆటోలో పెట్టినా మొదట్లో ఫుల్లుగానే నడుస్తుంది, తర్వాత తనే తగ్గించుకుంటుంది. ఇళ్లలో వాడే ఏసీలు 2020 జనవరి నుంచి 24 డిగ్రీల డిఫాల్ట్‌తోనే రావాలని కేంద్రం నిబంధన పెట్టింది కదా, కారులోనూ ఆ అంకె దగ్గరే ఉండండి. పిల్లలకు వెనక చాలకపోతే టెంపరేచర్ తగ్గించే ముందు ఫ్యాన్ ఒక పాయింట్ పెంచి చూడండి, ఫ్యాన్ తినేది కంప్రెసర్‌తో పోలిస్తే చాలా తక్కువ. కారు బొమ్మలో బాణం లోపలే గుండ్రంగా తిరుగుతున్నట్టు ఉండే లోపలి గాలి బటన్ ఉంటుంది చూడండి, అది వెలుగుతూ ఉండాలి. అది వెలగకపోతే బయటి 43 డిగ్రీల గాలిని తెచ్చి తెచ్చి చల్లబరుస్తున్నట్టు.

ప్రశ్న: టౌన్‌లో తిరిగితే ఎలక్ట్రిక్ కారు ఎక్కువ మైలేజీ ఇస్తుందన్నారు. నాకు రివర్స్‌లో వస్తోంది. ఇంటి నుంచి షాపుకు 4 కిలోమీటర్లు, మధ్యాహ్నం భోజనానికి వచ్చి మళ్లీ పోతా. మే నెలలో చూస్తే హైవే మీద వచ్చినంత కూడా రావట్లేదు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే బండి బాగానే ఉందంటున్నారు.
– ఒక మెడికల్ షాపు యజమాని, మహబూబ్‌నగర్

జవాబు: బండి బాగానే ఉందన్నా, వాళ్లు చెప్పింది నిజమే. పైన నల్లగొండ అమ్మకు ఏసీని వదిలేసి స్పీడు చూసుకోమన్నాను, మీ విషయంలో మాత్రం దొంగ ఏసీయే. మోటారు ఖర్చు దూరాన్ని బట్టి ఉంటుంది, ఏసీ ఖర్చు సమయాన్ని బట్టి ఉంటుంది. 4 కిలోమీటర్లు టౌన్‌లో పోవడానికి బండికి కావాల్సింది అర యూనిట్. క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగి ఆగి పోయే ఆ పదీ పన్నెండు నిమిషాల్లో, ఎండకు కాగిపోయిన కారును చల్లబరచడానికి ఏసీ ఇంకో అర యూనిట్ లాగేస్తుంది. అంటే ఒకటికి రెండు. తీరా కారు చల్లబడే సమయానికి మీరు దిగిపోతారు! మళ్లీ సాయంత్రం దాకా ఎండలో పెడతారు, మళ్లీ మొదటికి.

కాబట్టి అసలు కారు కాగకుండా చూసుకోవడమే మీకు పెద్ద పొదుపు. షాపు ముందు నీడ ఉండదు, తెలుసు, వెనక వీధిలో ఒక వేపచెట్టు దొరికినా వంద అడుగులు నడవడం దండగ కాదు. పూత, పిట్టల రెట్ట పడుతుందని కొందరు చెట్టు కింద పెట్టరు, అది మీ ఇష్టం. ముందు అద్దానికి వెండి రంగు షేడ్ లోపలి నుంచి అడ్డం పెట్టండి. స్టీరింగ్ ముట్టుకోగానే చెయ్యి చుర్రుమనకుండా ఉందంటే అది పనిచేస్తున్నట్టే. ఎక్కే ముందు నాలుగు డోర్లూ ఒక నిమిషం తెరిచి పెట్టండి, లోపలి వేడి గాలి 55, 60 డిగ్రీల దాకా ఉంటుంది, దాన్ని ఊరికే బయటికి పోనిస్తే సరిపోయేదానికి ఏసీతో కుస్తీ ఎందుకు? తర్వాత అద్దాలు రెండంగుళాలు దించి, ఏసీ వేసి, ఆ సందు చివరిదాకా అలాగే వచ్చి అప్పుడు మూసి లోపలి గాలి బటన్ నొక్కండి.

భోజనానికి ఇంటికి వచ్చినప్పుడు చార్జింగ్ పెట్టే వీలుంటే ఇంకా మంచిది. బయల్దేరే పది నిమిషాల ముందు, ప్లగ్ తీయకుండానే ఫోన్‌లోని యాప్ నుంచి ఏసీ ఆన్ చేయండి. ఆ మొదటి అర యూనిట్ బ్యాటరీ నుంచి కాకుండా ఇంటి కరెంటు నుంచి పోతుంది, బిల్లులో నాలుగైదు రూపాయలు. ప్లగ్ తీసేసి చేస్తే ఈ లాభం లేదు, సుఖం మాత్రం ఉంటుంది. సీట్లకు గాలి వచ్చే సౌకర్యం మీ మోడల్‌లో ఉంటే అది తప్పక వాడండి. చొక్కా వీపుకు అంటుకోకుండా ఉంటే ఏసీ 26లో పెట్టినా హాయిగానే ఉంటుంది, ఆ చిన్న ఫ్యాన్లు తినేది పదుల వాట్లే.

ప్రశ్న: ఎకో మోడ్‌లో పెడితే ఏసీ సరిగ్గా రావట్లేదు, బండి కూడా లాగట్లేదు. ఓవర్‌టేక్ చేయాలంటే టెన్షన్. ఎకో అవసరమా?
– ఒక రైస్ మిల్లు ఉద్యోగి, మిర్యాలగూడ

జవాబు: ఎకోలో ఏమవుతుందంటే, ఎక్స్‌లేటర్ ఎంత తొక్కితే ఎంత పవర్ ఇవ్వాలన్న లెక్క మారుతుంది. కొన్ని కార్లలో ఏసీ కంప్రెసర్‌కు కూడా కళ్లెం వేస్తారు, మీ బండిలో జరుగుతున్నది అదే అయి ఉండాలి. దానంతటది కరెంటు పుట్టించదు. మీ పాదం నెమ్మదిగా ఉంటే సిటీ మోడ్‌లోనూ దాదాపు అంతే మైలేజీ వస్తుంది. పాదం బరువున్నవాళ్లకు ఎకో ఒక స్పీడ్ బ్రేకర్‌లా పనిచేస్తుంది. ఎండాకాలం బయల్దేరేటప్పుడు మామూలు మోడ్‌లో పెట్టి కారు చల్లబడనివ్వండి, తర్వాత ఎకోకి మార్చండి. మీ వైపు ధాన్యం లారీల వెనక పడితే ఎంత చికాకో నాకు తెలుసు, డివైడర్ లేని రోడ్డు మీద లారీని దాటాలనుకున్నప్పుడు దాటే ముందే మోడ్ మార్చుకోండి, సగం దాటాక కాదు. అక్కడ పది వాట్లు పొదుపు చేయాల్సిన పని లేదు.

ప్రశ్న: శ్రావణంలో అమ్మను తీసుకుని శ్రీశైలం పోదామనుకుంటున్నాం. ఘాట్ దిగేటప్పుడు దానంతటదే చార్జింగ్ ఎక్కుతుందట కదా, 60 శాతంతో బయల్దేరినా చాలని మా తమ్ముడు అంటున్నాడు. రీజెన్ (కాలు తీసినప్పుడు బండే కరెంటు తయారు చేసుకుని బ్యాటరీలోకి పంపే ఏర్పాటు) ఎంతలో పెట్టాలి? దిగుడులో న్యూట్రల్ వేస్తే ఇంకా మిగులుతుందా?
– ఒక టీచర్, కల్వకుర్తి

జవాబు: తమ్ముడి మాట వినకండి. నలుగురు కూర్చున్న కారు వంద మీటర్ల ఎత్తు ఎక్కడానికి మామూలు ఖర్చు కాక ఇంకో అర యూనిట్ అదనంగా కావాలి, అంతే ఎత్తు దిగితే తిరిగి వచ్చేది అందులో మూడింట రెండు వంతులు, అదీ బాగా నడిపితే. మీకు దోమలపెంట దాటాక కృష్ణ దాకా దిగుడు, డ్యామ్ దాటాక మళ్లీ శ్రీశైలం దాకా ఎక్కుడు. దిగేటప్పుడు ఒకటో రెండో శాతం పెరిగినట్టు కనిపిస్తుంది, సంబరపడేలోపే అవతలి గట్టు ఎక్కేటప్పుడు దానికి రెట్టింపు పోతుంది. కల్వకుర్తిలోనే రాత్రంతా పెట్టి నిండుగా చార్జ్ చేసుకుని వెళ్లండి. ఘాట్ చేరేసరికి బ్యాటరీలో ఎలాగూ ఖాళీ ఏర్పడుతుంది.

తిరుగు ప్రయాణంలో ఒక చిక్కుంది. శ్రీశైలంలో రాత్రి బస చేసి అక్కడ 100 శాతం చార్జ్ పెట్టి పొద్దున్నే దిగడం మొదలుపెడితే, నిండుగా ఉన్న బ్యాటరీ రీజెన్ తీసుకోదు. కాలు తీస్తే బండి ఆగుతుందని అలవాటైన పాదానికి ఒక్కసారిగా బండి జారిపోతున్నట్టు ఉంటుంది. పైన ఉన్నప్పుడు 90 దగ్గర ఆపేయండి.

న్యూట్రల్ మాత్రం వద్దే వద్దు. ఘాట్‌లో ఏ బండికైనా ప్రమాదమే, పైగా చాలా ఎలక్ట్రిక్ కార్లలో న్యూట్రల్ వేస్తే రీజెన్ ఉండదు, దిగుడులో వచ్చే ఆ కాస్త కరెంటు కూడా బ్రేకు ప్యాడ్ల వేడికి పోతుంది. గేరు డి లోనే ఉంచి రీజెన్ పెంచుకోండి. నెక్సాన్ ఈవీ లాంటి వాటిలో 0 నుంచి 3 దాకా స్టీరింగ్ దగ్గరే మార్చుకోవచ్చు. ఘాట్‌లో 2 లేదా 3, మలుపులు మరీ ఎక్కువై అమ్మకు వాంతి వచ్చేలా ఉంటే 1. కల్వకుర్తి నుంచి డిండి వైపు ఖాళీ రోడ్డు మీద రీజెన్ 0 లేదా 1 చాలు. అక్కడ ఎక్కువ పెట్టి ప్రతి నిమిషం కాలు తీస్తూ తొక్కుతూ ఉంటే నష్టమే, కరెంటు బ్యాటరీలోకి పోయి వచ్చిన ప్రతిసారీ కొంత తరుగు పోతుంది కదా. ముందు బర్రెలు అడ్డం రావడం రెండొందల మీటర్ల దూరం నుంచే చూసి కాలు తీసి బండిని దొర్లనిచ్చేవాళ్లకు వచ్చే మైలేజీ ఏ సెట్టింగ్‌తోనూ రాదు.

అడవిలో స్పీడు ఎలాగూ తగ్గుతుంది కాబట్టి ఖర్చు కూడా తగ్గుతుంది, వానలు పడి చల్లగా ఉంటే ఏసీ ఆపి అద్దాలు దించుకోవచ్చు, కోతులు కనిపించేదాకా. మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 తర్వాత బండ్లను వదలరు, కాబట్టి చార్జింగ్ కోసం మధ్యలో ఆగాల్సి వస్తే ఆ టైమ్ కూడా లెక్కలో పెట్టుకోండి.

ప్రశ్న: ఇంట్లో 290 కిలోమీటర్లు చూపించింది. 90 కిలోమీటర్లు పోయి జడ్చర్ల దగ్గరికి వచ్చి చూస్తే 150. ఇదేం లెక్క? హైదరాబాద్ పోయేటప్పుడే ఇలా అవుతుంది, వచ్చేటప్పుడు ఇంత దారుణంగా ఉండదు.
– ఒక పాఠకుడు, గద్వాల

జవాబు: ఆ అంకె మీ బండి వేసే అంచనా. అంతకు ముందు నాలుగు రోజులు మీరు ఎలా నడిపారో చూసి, ఇకపై కూడా అలాగే నడుపుతారనుకుని చెబుతుంది. గద్వాలలో 30, 40 స్పీడులో తిరిగి దానికి మంచి అలవాటు చేశారు, ఎర్రవల్లి చౌరస్తాలో 44వ నంబరు హైవే ఎక్కగానే 100కి వెళ్లారు, పాపం దానికేం తెలుసు? పైగా గద్వాల కంటే హైదరాబాద్ దాదాపు 200 మీటర్ల ఎత్తులో ఉంది. రోడ్డు చూస్తే సాపుగానే అనిపిస్తుంది గానీ కృష్ణ ఒడ్డు నుంచి పీఠభూమి మీదికి ఎక్కుతున్నారు, 1 యూనిట్ అక్కడే పోతుంది. వచ్చేటప్పుడు ఆ ఎక్కుడు లేదు కాబట్టే తేడా.

కిలోమీటర్ల అంకెను చూడటం మానేసి శాతం చూడండి. ఒక టోల్ గేటు దగ్గర శాతం, ఓడోమీటర్ రెండూ గుర్తుపెట్టుకుని, తర్వాతి టోల్ గేటు దగ్గర మళ్లీ చూసి, ఒక శాతానికి ఎన్ని కిలోమీటర్లు వస్తున్నాయో తీయండి. 2 వస్తోంది, ఇంకా 45 శాతం ఉంది అంటే 90, అందులో 20 పక్కన పెట్టుకుంటే 70. ఆ లెక్క మోసం చేయదు. టైర్లలో గాలి కూడా చూపించుకోండి, పొద్దున బండి కదలకముందు, డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద రాసినంత. పంక్చర్ షాపులో అందరికీ ఒకటే అంకె కొట్టేస్తుంటారు, మీ అంకె మీరే చెప్పండి.

ప్రశ్న: మధ్యాహ్నం ఫాస్ట్ చార్జర్ పెడితే ముందు భాగంలోంచి హోరుమని శబ్దం. ఏసీ ఆపేశాను, అయినా ఆగలేదు. ఏమన్నా ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: ప్రమాదం లేదు. ఫాస్ట్ చార్జింగ్‌కు బ్యాటరీ వేడెక్కుతుంది, దాని చుట్టూ తిరిగే నీళ్లలాంటి ద్రవాన్ని చల్లబరచడానికి బండి తన ఏసీనే వాడుకుంటుంది. మీరు లోపల ఆపింది మీ ఏసీ, బ్యాటరీ ఏసీ నడుస్తూనే ఉంటుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి పెడితే ఆ ఫ్యాన్లు అంతసేపూ మోగుతాయి, చార్జర్ ఇచ్చే కరెంటులో కొంత వాటికే పోతుంది, దానికీ డబ్బులు మీవే. పొద్దున పదిలోపు గానీ, చీకటి పడ్డాక గానీ పెడితే చప్పుడూ తక్కువ, సమయమూ తక్కువ. 80 శాతం దాటాక నెమ్మదిస్తుంది కాబట్టి అక్కడ తీసేసి వచ్చేయండి, వెనక ఇంకొకరు ఎదురు చూస్తుంటారు. మీరు ఉత్తరం చివర మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లి ఫ్యాక్టరీ బ్యాటరీలదేనా అని కూడా అడిగారు, 2023 మేలో అమరరాజా వాళ్లు పునాది వేసింది బ్యాటరీ లోపల ఉండే సెల్స్ తయారీకే. ఎక్కడ తయారైనా సెల్‌కు ఎండ వేడి సరిపడదు, ఆ చల్లబరిచే ఏర్పాటు ఉండాల్సిందే.

ప్రశ్న: డిసెంబర్‌లో తెల్లవారుజామున పోతే ముందు అద్దం మీద మంచు పట్టేసి ఏమీ కనిపించట్లేదు. హీటర్ వేస్తే చార్జింగ్ దిగిపోతుందని వేయట్లేదు.
– ఒక పాల వ్యాపారి, నకిరేకల్

జవాబు: వేయండి! కనిపించకుండా నడపడం కంటే రెండు శాతం పోవడం నయం. నిజమే, చాలా బండ్లలో హీటర్ ఏసీ కంటే ఎక్కువ లాగుతుంది, ఎందుకంటే అది ఇంట్లో వాటర్ హీటర్ లాంటి కాయిలే. కానీ లోపలి పొగమంచు పోవాలంటే పొడి గాలి కావాలి, అది ఏసీ ఇస్తుంది. ఏసీ ఆన్ చేసి, గాలి ముందు అద్దం వైపు తిప్పి, లోపలి గాలి బటన్ ఆపేసి బయటి గాలి రానివ్వండి, టెంపరేచర్ 25 దగ్గర పెట్టండి. రెండు నిమిషాల్లో అద్దం తేటపడుతుంది, తర్వాత తగ్గించుకోండి. వేసవిలో చెప్పినదానికి ఇది పూర్తిగా తిరగబడి ఉంది కదా అని మళ్లీ రాయకండి, తిరగబడే ఉంటుంది.

ప్రశ్న: మీరు చెప్పినట్టే ప్లగ్ తీయకుండా యాప్‌లో ఏసీ వేస్తున్నా. కిటికీలోంచి లాగిన ఎక్స్‌టెన్షన్ బాక్సు వేడెక్కుతోంది, ఒకసారి వాసన కూడా వచ్చింది.
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: ముందు ఆ బాక్సు తీసి పారేయండి తమ్ముడూ. ఇంటి చార్జర్ ఒక్కటే గంటల తరబడి 3 కిలోవాట్ల దాకా లాగుతుంది, ఫ్యాన్లకూ టీవీలకూ అమ్మే బాక్సులు అంతసేపు అంత లోడు మోయలేవు. మీటరు నుంచి కారు పెట్టే చోటికి విడిగా మందం వైరు లాగించి, 15 ఆంప్స్ సాకెట్, దానికి వేరే ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్) పెట్టించండి. ఎర్తింగ్ తప్పనిసరి. పాత ఇళ్లలో ఎర్తింగ్ గుంత ఎండిపోయి ఉంటుంది, చార్జర్ మీద ఎర్ర లైటు వెలిగి ఆగిపోతుంటే చాలాసార్లు కారణం అదే. దాన్ని తప్పించుకోవడానికి ఎర్త్ వైరు, న్యూట్రల్ వైరు కలిపేసే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు, అలా చేస్తానంటే అతన్ని పంపించేసి ఇంకొకరిని పిలవండి. ఆ పని అయ్యేదాకా డోర్లు తెరిచి, అద్దాలు దించి వేడి గాలి పోనివ్వండి, యాప్ సంగతి తర్వాత చూద్దాం.